సమజాత క్రోమోసోములు: జత ఎప్పుడు కలుస్తుంది, ఎప్పుడు విడిపోతుంది (తరచుగా అడిగే ప్రశ్నలు)

కణ విభజన పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ అవే సందేహాలు మళ్లీ వస్తాయి. ఇంటర్ పిల్లలు అడుగుతారు, నీట్‌కు చదివేవాళ్లు అడుగుతారు, గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ రాసిన టెస్టు రిపోర్టు పట్టుకుని తెలిసినవాళ్లు అడుగుతారు. అడిగే తీరు వేరైనా చిక్కు ఎక్కువసార్లు ఒక్కచోటే ఉంటుంది: క్రోమోసోము జతనీ, క్రోమోసోము నకలునీ ఒకటే అనుకోవడం. అందుకే ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే రాసి జవాబులు పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## విభజన మొదలవక ముందు

సమజాత క్రోమోసోములు అంటే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయా?

పొడవు, సెంట్రోమియర్ (క్రోమోసోము మీద నొక్కినట్టుండే భాగం) ఉండే చోటు, జన్యువుల వరస ఒకేలా ఉంటాయి. ఆ జన్యువుల్లో రాసి ఉన్న విషయం మాత్రం వేరుగా ఉండొచ్చు. మనిషి 11వ క్రోమోసోమునే తీసుకోండి. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేయించే జన్యువు దాని మీద ఉంటుంది. మీకు 11వ క్రోమోసోములు రెండు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండిటి మీదా ఆ జన్యువు అదే చోట ఉంటుంది. అయితే ఒకదాని మీద మామూలు రూపం, రెండోదాని మీద సికిల్ సెల్ రూపం ఉండొచ్చు. అలాంటి మనిషిని వాహకులు అంటారు, సాధారణంగా వాళ్లకు జబ్బు బయటపడదు. రెండిటి మీదా సికిల్ రూపమే ఉంటే సికిల్ సెల్ జబ్బు వస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ లెక్క పుస్తకంలో చదవకుండానే, ఇంట్లో పిల్లల బాధ చూసి తెలుసుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఒకే జన్యువుకు ఉండే ఈ వేర్వేరు రూపాలను యుగ్మవికల్పాలు అంటాం.

ఒకటి అమ్మది, ఒకటి నాన్నది అయితే తాతయ్యలవీ నాయనమ్మలవీ ఏమయ్యాయి?

అవి వాటిలోనే కలిసి ఉన్నాయి. అమ్మ మీకు ఇచ్చిన 1వ క్రోమోసోము సాధారణంగా అమ్మమ్మదీ కాదు, అమ్మ వాళ్ల నాన్నదీ కాదు. అమ్మ శరీరంలో అండం తయారయ్యేటప్పుడు ఆ ఇద్దరి నుంచి వచ్చిన 1వ క్రోమోసోములు ముక్కలు మార్చుకున్నాయి. కాబట్టి కొంత దూరం అమ్మమ్మ రాత, ఆ తర్వాత తాతయ్య రాత, మళ్లీ అమ్మమ్మ రాత అన్నట్టుగా అతుకుల క్రోమోసోము మీకు అందింది. అందుకే నలుగురు తాతానాయనమ్మల నుంచి సరిగ్గా 25 శాతం చొప్పున రాదు. ఒకరి వాటా కొంచెం ఎక్కువ, ఇంకొకరిది కొంచెం తక్కువ అవుతుంది.

ఎక్స్, వై కూడా జతే కదా? మరి సైజులో అంత తేడా ఎందుకు?

ఎక్స్ పొడవు దాదాపు 15.5 కోట్ల క్షార జతలు (డీఎన్ఏ రాతలోని అక్షరాలు అనుకోండి). వై దాదాపు 6 కోట్లు. వై మీద ఎక్స్‌లో ఉండే జన్యువులు చాలావరకు లేవు, కాబట్టి వీటిని పూర్తి సమజాత జత అనలేం. కానీ రెండిటి కొనల దగ్గరా ఒకేలా ఉండే చిన్న భాగాలు ఉన్నాయి. వాటిలో పెద్దది దాదాపు 27 లక్షల క్షార జతల పొడవు మాత్రమే. శుక్రకణాలు తయారయ్యేటప్పుడు ఎక్స్, వై ఆ చిన్న కొన దగ్గరే జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి. విడిపోయేటప్పుడు ఒక కణానికి ఎక్స్, మరో కణానికి వై సరిగ్గా చేరడానికి ఆ కాస్త పట్టే ఆధారం. ఆడవాళ్లలో రెండూ ఎక్స్‌లే కాబట్టి మిగతా జతల్లాగే పొడవునా కలుస్తాయి.

మనిషికి 46 అని ఎవరు లెక్కపెట్టారు? మా తాతగారు 48 అని చదువుకున్నానంటారు.

మీ తాతగారు చెప్పేది నిజమే. 1920ల నుంచి మూడు దశాబ్దాల పాటు పుస్తకాల్లో 48 అనే ఉండేది. 1955 చివర్లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ టిజో, ఆల్బర్ట్ లెవాన్ కలిసి మనిషి కణాల క్రోమోసోములను విడివిడిగా పరిచి చూసి 46 అని తేల్చారు. 1956లో దాన్ని ప్రచురించారు. పలచటి ఉప్పు ద్రావణంలో కణాలను ఉబ్బించడం వల్ల, అంతకుముందు ఒకదానిమీద ఒకటి పడి కుప్పగా కనబడే క్రోమోసోములు దూరం దూరంగా పరుచుకున్నాయి. నిజం తెలియడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేకపోయింది, మంచి స్లైడ్ చాలింది. ప్రాక్టికల్స్‌లో స్లైడ్ జాగ్రత్తగా చేయమని పిల్లల్ని నేను అంతగా బతిమాలేది అందుకే.

జతలు ఎక్కువ ఉంటే పెద్ద జీవి అన్నట్టా?

కాదు. మనిషికి 23 జతలు, పట్టుపురుగుకు 28. తూర్పు కనుమల అడవుల్లో కూడా తిరిగే మొరిగే జింకలో ఆడదానికి 6 క్రోమోసోములే, మగదానికి 7.

## నకలు తయారయ్యాక

సోదర క్రొమాటిడ్లకూ సమజాత క్రోమోసోములకూ తేడా ఏంటి? రెండూ జంటగానే ఉన్నాయి కదా!

ఈ ఒక్క ప్రశ్న తేలితే సగం పాఠం వచ్చినట్టే, కాబట్టి నిదానంగా చూద్దాం.

సోదర క్రొమాటిడ్లు అంటే ఒకే క్రోమోసోముకు తీసిన నకళ్లు. విభజనకు ముందు డీఎన్ఏ రెట్టింపు అయినప్పుడు ఒకటి రెండయింది. రెండూ సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఉంటాయి. వాటి రాత ఒకటే (ఎప్పుడో జరిగే ఉత్పరివర్తనం, అంటే రాతలో మార్పు, తప్ప).

సమజాత క్రోమోసోములు ఎవరూ ఎవరికీ నకలు కావు. ఒకటి తల్లి వైపు నుంచి, మరొకటి తండ్రి వైపు నుంచి వచ్చాయి. డీఎన్ఏ రెట్టింపు కాకముందు కూడా అవి రెండే. ఒకదానికొకటి అతుక్కుని పుట్టినవి కావు.

ఇంట్లో చేసి చూడండి. ఎర్ర ఊలు ముక్క ఒకటి, అంతే పొడవున్న నీలం ఊలు ముక్క ఒకటి తీసుకోండి. ఎరుపు, నీలం కలిపితే సమజాత జత. ఇప్పుడు ఎరుపు పక్కన ఇంకో ఎర్ర ముక్క పెట్టి మధ్యలో దారంతో కట్టండి, నీలం పక్కన ఇంకో నీలం పెట్టి కట్టండి. ఒకే రంగువి రెండు కలిసి ఉంటే సోదర క్రొమాటిడ్లు. నాలుగు పోగులున్నా క్రోమోసోములు రెండే, ఎందుకంటే కట్లు రెండే.

పుస్తకంలో గీసే ‘ఎక్స్’ ఆకారం బొమ్మే ఈ గందరగోళానికి చాలావరకు కారణం అని నా నమ్మకం. ఆ బొమ్మలో ఒక చేయి అమ్మది, ఒక చేయి నాన్నది అనుకునే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఆ బొమ్మ మొత్తం ఒకే క్రోమోసోము, రెండు నకళ్లుగా.

డీఎన్ఏ రెట్టింపయ్యాక క్రోమోసోములు 92 అవ్వాలి కదా?

అవ్వవు, 46గానే ఉంటాయి. క్రోమోసోములను సెంట్రోమియర్లతో లెక్కపెడతాం. నకలు తయారైనా రెండు క్రొమాటిడ్లూ ఒకే సెంట్రోమియర్ దగ్గర కలిసి ఉన్నంతసేపు దాన్ని ఒకటిగానే లెక్కిస్తాం. డీఎన్ఏ మాత్రం రెట్టింపవుతుంది, క్రొమాటిడ్లు 92 అవుతాయి.

## సమవిభజన జరిగేటప్పుడు

సమవిభజనలో సమజాత క్రోమోసోములు జతకడతాయా?

జతకట్టవు. సమవిభజన అంటే శరీర కణం తనలాంటివే రెండు కణాలుగా విడిపోవడం. మీ చర్మం, ఎముక మజ్జ, మొక్క వేరుకొన, ఎక్కడైనా సమవిభజనలో తల్లి వైపు 5వ క్రోమోసోము, తండ్రి వైపు 5వ క్రోమోసోము ఒకదాన్నొకటి పట్టించుకోవు. 46 క్రోమోసోములూ ఎవరికి వారు కణం నడిమికి, అంటే మధ్యస్థ ఫలకం మీదికి వస్తాయి. ప్రతి క్రోమోసోములో ఉన్న రెండు నకళ్లు విడిపోయి చెరో ధ్రువానికి (కణం కొసకు) వెళతాయి. అందుకే పుట్టిన రెండు కణాల్లోనూ అన్ని జతలూ పూర్తిగా ఉంటాయి.

ఈగల వర్గంలో మాత్రం మామూలు శరీర కణాల్లో కూడా సమజాత క్రోమోసోములు పక్కపక్కనే ఉంటాయి. డ్రోసోఫిలా లార్వా లాలాజల గ్రంథుల్లో కనబడే ఆ లావుపాటి చారల క్రోమోసోములు అలా కలిసిపోయినవే. మనిషిలో అలా జరగదు.

ఉల్లి వేరు స్లైడ్‌లో ఎంత వెతికినా జతలు కనబడలేదు. స్లైడ్ పాడైందా?

పాడవలేదు. ఉల్లిలో 16 క్రోమోసోములు, అంటే 8 జతలు. కానీ వేరుకొనలో జరిగేది సమవిభజన కాబట్టి జతగాళ్లు పక్కపక్కన నిలబడవు. ఒకటి కణంలో ఈ మూల ఉంటే దాని జోడీ ఆ మూల ఉండొచ్చు. జతకట్టడం చూడాలంటే పూమొగ్గలోని పరాగకోశం కావాలి. పుప్పొడి మాతృకణాలు క్షయకరణ విభజన (క్రోమోసోముల సంఖ్యను సగం చేసే విభజన) చెందేది అక్కడే. మొగ్గ చాలా లేతగా ఉండాలి, పువ్వు విచ్చుకునే సరికి ఆ పని అయిపోయి ఉంటుంది.

మరి కారియోటైప్ ఫొటోలో జతలు వరసగా నిలబడి ఉంటాయేం?

అలా నిలబెట్టింది ల్యాబ్‌లోని మనుషులు, లేదా కంప్యూటర్. రక్తంలోని తెల్లకణాలను పెంచి, సమవిభజన మధ్యస్థదశలో (క్రోమోసోములు కణం మధ్యకు చేరినప్పుడు) ఆపి ఫొటో తీస్తారు. అసలు ఫొటోలో అవి చెల్లాచెదురుగా ఉంటాయి. పొడవు, సెంట్రోమియర్ చోటు, రంగు వేసినప్పుడు పడే చారలు చూసి జోడీలను వెతికి వరసగా పేరుస్తారు.

## క్షయకరణ విభజన: జత కలిసే దశ

అంత ఇరుకు కేంద్రకంలో సరైన జోడీని ఎలా గుర్తుపడతాయి?

నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

మొదట క్రోమోసోముల కొనలు కేంద్రకత్వచానికి లోపలి వైపు అంటుకుని ఒకచోట గుమికూడతాయి. చూడటానికి కాడలు కలిపి పట్టుకున్న పూలగుత్తిలా ఉంటుంది. కొనలు కదులుతుంటే క్రోమోసోములు కూడా ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతాయి. దాంతో వెతకాల్సిన మేర తగ్గుతుంది.

అదే సమయంలో కణం తన డీఎన్ఏను తానే చాలాచోట్ల తెంపుతుంది. ఈ పని చేసే ప్రోటీన్ పేరు ఎస్‌పీఓ11. తెగిన చోట ఒక పోగు కొస బయటికి వస్తుంది. ఆ కొస తన రాతకు సరిపోయే రాత కోసం వెతుకుతుంది. చాలా జీవుల్లో జోడీని గుర్తుపట్టడం ఇలాగే, తెగిన కొసతో అక్షరాలు సరిపోల్చుకుని జరుగుతుంది. సరిపోయిన చోట నుంచి రెండు క్రోమోసోముల మధ్య ప్రోటీన్ల నిచ్చెన లాంటి నిర్మాణం జిప్ వేసినట్టు ఏర్పడుతుంది. ఈ జతకట్టడాన్నే సూత్రయుగ్మనం అంటాం. ఆ నిచ్చెనను 1956లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మొదటిసారి చూశారు.

డీఎన్ఏ తెగడం అంటే ప్రమాదం కదా? కణం కావాలని ఎందుకు తెంపుకుంటుంది?

మామూలు కణంలో అది ప్రమాదమే. ఇక్కడ తెంపడమూ, మరమ్మతూ రెండూ కట్టుదిట్టంగా నడుస్తాయి. ఎలుకలో ఒక కణంలో 200కు పైగా చోట్ల డీఎన్ఏ తెగుతుంది. వాటిలో 20 నుంచి 25 దాకా మాత్రమే నిజంగా ముక్కలు మారే వినిమయాలవుతాయి. మిగతావన్నీ జోడీ రాతను చూసి నింపుకుని మూసుకుపోతాయి. మరమ్మతు పూర్తికాకపోతే ఆ కణాన్ని ముందుకు పోనివ్వని తనిఖీ వ్యవస్థ కూడా ఉంది.

వినిమయం, కయాస్మా రెండూ ఒకటేనా?

వినిమయం జరిగే పని, కయాస్మా దాని గుర్తు. క్షయకరణ తొలిదశలోని పాకిటీన్ అనే మెట్టులో సోదరులు కాని రెండు క్రొమాటిడ్లు ముక్కలు మార్చుకుంటాయి. అప్పుడు రెండు క్రోమోసోములూ దగ్గరగా అతుక్కుని ఉంటాయి కాబట్టి బయటికి ఏమీ కనబడదు. దాని తర్వాతి మెట్టయిన డిప్లోటీన్‌లో అవి దూరం జరగడం మొదలుపెట్టాక, ముక్కలు మారిన చోట మాత్రం విడిపోలేక అడ్డంగా కలిసి కనబడతాయి. అదే కయాస్మా.

క్రోమోసోములు నిజంగానే ముక్కలు మార్చుకుంటాయని 1931లో హ్యారియట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న 9వ క్రోమోసోము మీద చూపించారు. జోడీలో ఒకదానికి కొన దగ్గర బొడిపె ఉండేది. గింజ రంగు మారిన మొక్కల్లో ఆ బొడిపె కూడా చోటు మారింది.

వినిమయం వైవిధ్యం కోసమేనా?

పుస్తకాలు ఎక్కువగా అంతే చెప్పి వదిలేస్తాయి, అది నాకు ఎప్పుడూ వెలితిగా అనిపిస్తుంది. వైవిధ్యం వస్తుంది, నిజమే. కానీ ఆ కణానికి అప్పటికప్పుడు కావాల్సింది వేరే: రెండు సమజాత క్రోమోసోములనూ కలిపి పట్టుకునే ముడి. సూత్రయుగ్మనం నాటి నిచ్చెన డిప్లోటీన్‌లో విడిపోతుంది. ఆ తర్వాత జతను కలిపి ఉంచేది కయాస్మాలే. పెళ్లిలో వేసే కొంగుముడి లాంటిదనుకోండి. ఆ ముడి ఉంటేనే రెండూ కలిసి మధ్యస్థ ఫలకం మీదికి వస్తాయి, ఆ ముడి ఉంటేనే చెరో ధ్రువానికీ సరిగ్గా చేరతాయి. అందుకే ప్రతి జతకూ కనీసం ఒక్క వినిమయమైనా జరిగేలా కణం చూసుకుంటుంది. మనిషిలో శుక్రకణాలు తయారుచేసే ఒక్కో కణంలో సగటున 50 దాకా, అండాల్లో అంతకన్నా ఎక్కువ వినిమయాలు జరుగుతాయి.

అసలు వినిమయమే జరగని జీవులు ఉన్నాయా?

ఉన్నాయి. మగ డ్రోసోఫిలాలో జరగదు, ఆడ పట్టుపురుగులో జరగదు. హిందూపురం మార్కెట్‌కు గూళ్లు తెచ్చే రైతు పెంచే పురుగుదీ అదే కథ. ఆడ పట్టుపురుగులో సూత్రయుగ్మనం నాటి నిర్మాణమే మారి, విడిపోయేదాకా జతను పట్టి ఉంచుతుంది. అంటే కయాస్మా ముడి లేకపోతే ఇంకో ముడి కావాల్సిందే.

లెప్టోటీన్, జైగోటీన్... ఈ ఐదూ ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇవి మొదటి విభజన తొలిదశలో వరసగా వచ్చే ఐదు మెట్లు. పేర్లను బట్టీ పట్టేకన్నా జత ఏం చేస్తోందో చూడండి. లెప్టోటీన్‌లో సన్నటి దారాలుగా కనబడతాయి. జైగోటీన్‌లో జతకట్టడం మొదలు. పాకిటీన్‌లో పూర్తిగా కలిసి వినిమయం. డిప్లోటీన్‌లో దూరం జరిగి కయాస్మాలు కనబడతాయి. డయాకైనెసిస్‌లో పొట్టిగా, లావుగా మారి విభజనకు సిద్ధం.

## జత విడిపోయే దశ

మొదటి మధ్యస్థదశలో క్రోమోసోములు ఏ వరసలో నిలబడతాయి?

ఒంటరిగా కాకుండా జతలుగా నిలబడతాయి. మనిషిలో 23 జతలు మధ్యలోకి వస్తాయి. ప్రతి జతలో ఒక క్రోమోసోము ఒక ధ్రువం వైపు, దాని జోడీ రెండో ధ్రువం వైపు తిరిగి ఉంటాయి. మధ్యలో లావుగా, రెండు కొనల వైపు సన్నగా ఉండే పోగుల నిర్మాణం వాటిని రెండు వైపులకూ లాగుతుంది. నేతగాళ్లు నాడెలో పెట్టే నూలు కండెను చూసినవాళ్లకు మన పుస్తకాలు దీన్ని కండె పరికరం అని ఎందుకన్నాయో వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ టెన్షన్ అనే మాటను అసలు అర్థంలోనే వాడాలి. రెండు వైపుల నుంచీ లాగుతుంటే, కయాస్మా వదలకుండా పట్టుకుంటే, తాడు బిగుస్తుంది. ఆ బిగువు వచ్చినప్పుడే పట్టు సరిగ్గా కుదిరిందని కణానికి తెలుస్తుంది. రెండు క్రోమోసోములూ పొరపాటున ఒకే ధ్రువం వైపు తగులుకుంటే బిగువు రాదు, ఆ పోగులు వదిలేసి మళ్లీ పట్టుకుంటాయి.

అమ్మ వైపువన్నీ ఒక పక్కకు, నాన్న వైపువన్నీ ఇంకో పక్కకు వెళతాయా?

అలా కట్టుబాటు లేదు. ప్రతి జతా తనంతట తాను ఏదో ఒక వైపు తిరుగుతుంది. 1వ జతలో అమ్మది ఎడమకు వెళ్లిందని 2వ జతలో కూడా అలాగే వెళ్లదు. 23 జతలకు రెండేసి అవకాశాలంటే రెండును 23 సార్లు హెచ్చించాలి: 83,88,608 రకాలు. తల్లి వైపు అన్ని రకాలు, తండ్రి వైపు అన్ని రకాలు కలిస్తే దాదాపు 70 లక్షల కోట్ల కలయికలు. ఇది వినిమయాన్ని అసలు లెక్కలోకి తీసుకోకుండానే. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు ఒకరిలా ఒకరు ఎందుకు ఉండరని అడిగే అమ్మలకు నేను చూపించే లెక్క ఇదే.

క్రోమోసోముల సంఖ్య సరిగ్గా ఎప్పుడు సగమవుతుంది?

మొదటి విభజనలోనే. మొదటి చలనదశలో సమజాత క్రోమోసోములు ఒకదాన్నొకటి వదిలి చెరో వైపు వెళతాయి. ఒక్కో ధ్రువానికి 23 చేరతాయి. అప్పటికీ ప్రతి క్రోమోసోములో రెండు క్రొమాటిడ్లూ ఉంటాయి.

చేతులు విడిపోతాయి, సెంట్రోమియర్ మాత్రం విడిపోదు అంటారు. ఎలా?

క్రొమాటిడ్లను కలిపి ఉంచేది కొహెసిన్ అనే ప్రోటీన్ల కట్టు. మొదటి చలనదశలో దాన్ని కోసే ఎంజైము చేతుల (సెంట్రోమియర్‌కు రెండు పక్కలా ఉండే భాగాల) పొడవునా ఉన్న కట్లను తెంపేస్తుంది. దాంతో కయాస్మాలు జారిపోయి జత విడిపోతుంది. సెంట్రోమియర్ దగ్గర ఉన్న కట్టును మాత్రం షుగోషిన్ అనే ప్రోటీన్ కాపాడుతుంది. జపాన్ భాషలో ఆ పేరుకు కాపాడే దైవం అనే అర్థం ఉంది. మన ఊరి పొలిమేర కాచే గ్రామదేవత గుర్తుకొస్తుంది నాకు. రెండో విభజనలో ఆ కాపలా తొలగుతుంది, అప్పుడు క్రొమాటిడ్లు విడిపోతాయి.

## రెండో విభజన

మొదటిదానితోనే సగమైతే రెండోది దేనికి?

సంఖ్య సగమైంది గానీ నకళ్లు ఇంకా జంటగానే ఉన్నాయి. 23 క్రోమోసోములున్న కణంలో 46 క్రొమాటిడ్లు ఉంటాయి. సంయోగబీజానికి (అండానికి లేదా శుక్రకణానికి) ఒక్కో క్రోమోసోముకు ఒక్క పోగు చాలు. రెండో విభజన ఆ నకళ్లను వేరు చేస్తుంది. రెండు విభజనల మధ్య డీఎన్ఏ మళ్లీ రెట్టింపు కాదు. చాలామంది అక్కడ ఒక అంతర్దశ రాసేసి మార్కులు పోగొట్టుకుంటారు.

రెండో విభజన అచ్చం సమవిభజనే అని రాయొచ్చా?

జరిగే తీరు సమవిభజన లాంటిదే అని రాయండి. తేడా ఏంటంటే, ఇక్కడ కణంలో జోడీలు లేవు, ప్రతి రకం నుంచి ఒక్కటే ఉంది. వినిమయం జరిగి ఉంటుంది కాబట్టి సోదర క్రొమాటిడ్లు కూడా అప్పటికి పూర్తిగా ఒకేలా ఉండవు.

ఆడవాళ్లలో, మగవాళ్లలో ఇదంతా ఒకే రకంగా జరుగుతుందా?

దశలు అవే, సమయం మాత్రం చాలా వేరు. మగవాళ్లలో యుక్తవయసు నుంచి ఆగకుండా నడుస్తుంది. ఒక మాతృకణం నుంచి నాలుగు శుక్రకణాలు వస్తాయి.

ఆడపిల్లలో క్షయకరణ విభజన ఆ పిల్ల ఇంకా తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. వినిమయం కూడా అప్పుడే అయిపోతుంది. ఆ తర్వాత డిప్లోటీన్ దగ్గర ఆగిపోతుంది, ఏళ్ల తరబడి. యుక్తవయసు వచ్చాక ప్రతి నెలా సాధారణంగా ఒక అండకణం ముందుకు కదిలి, విడుదలయ్యే ముందు మొదటి విభజన పూర్తిచేస్తుంది. రెండో విభజన శుక్రకణం లోపలికి వచ్చినప్పుడే పూర్తవుతుంది. నాలుగు సమాన కణాలు కూడా రావు, ఒక పెద్ద అండం, ధ్రువ దేహాలు అనే చిన్న చిన్న కణాలు వస్తాయి. మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండంలో సమజాత క్రోమోసోములు మీ అమ్మమ్మ మీ అమ్మను కడుపుతో మోస్తున్నప్పుడే జతకట్టాయి.

## జత సరిగ్గా విడిపోకపోతే

డౌన్ సిండ్రోమ్‌కూ సమజాత క్రోమోసోములకూ ఏం సంబంధం?

21వ జత విడిపోవాల్సిన చోట విడిపోకుండా రెండూ ఒకే కణంలోకి వెళితే, ఆ అండం లేదా శుక్రకణం నుంచి పుట్టే బిడ్డకు 21వ క్రోమోసోములు మూడు ఉంటాయి. 1959లో ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజూన్, మార్త గోతియే, రేమండ్ టర్పిన్ ఈ అదనపు క్రోమోసోమును ప్రకటించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం మందిలో కారణం ఇలా విడిపోకపోవడమే. ఎక్కువసార్లు అది అండం తయారయ్యేటప్పుడు, అందులోనూ మొదటి విభజనలో జరుగుతుంది.

తల్లి వయసు పెరిగితే రిస్క్ ఎందుకు పెరుగుతుంది? తప్పు మాదేనా?

తప్పు ఎవరిదీ కాదు. మీరు తిన్నదీ, చేసిన పనీ, గ్రహణం రోజు బయటికి రావడమూ దీనికి కారణం కావు. ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను.

అండకణంలో క్రోమోసోముల కట్లు ఆ స్త్రీ పుట్టకముందే పడతాయి. 35, 40 ఏళ్ల పాటు అవే కట్లు జతను పట్టి ఉంచాలి. వయసుతో ఆ కొహెసిన్ కట్లు సన్నగిల్లుతాయని ఎలుకల అండకణాల్లో చూశారు. కట్టు వదులైతే జత సమయానికి ముందే జారిపోయి, రెండూ ఒకే వైపు వెళ్లే అవకాశం పెరుగుతుంది. సుమారుగా చెప్పాలంటే 25 ఏళ్ల తల్లికి 1,250 మందిలో ఒకరికి, 35 ఏళ్లకు 350 మందిలో ఒకరికి, 40 ఏళ్లకు 100 మందిలో ఒకరికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. 40 ఏళ్ల తల్లులలో కూడా 100కు 99 మందికి ఈ సమస్య ఉండదని కూడా ఆ లెక్కే చెబుతోంది.

కొద్దిమంది పిల్లల్లో 21వ క్రోమోసోము వేరే క్రోమోసోముకు అతుక్కుని ఉండటం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుంది. అది తల్లి లేదా తండ్రి నుంచి రావొచ్చు, వయసుతో సంబంధం ఉండదు. అందుకే బిడ్డ కారియోటైప్ రిపోర్టు దాచుకోండి. తర్వాతి కాన్పు గురించి జన్యు సలహా ఇచ్చే డాక్టర్‌కు ముందు కావాల్సింది అదే.

మేనరికం చేసుకుంటే క్రోమోసోములు సరిగ్గా విడిపోవా?

విడిపోవడానికీ మేనరికానికీ సంబంధం లేదు. మేనరికంలో ఇబ్బంది వేరే చోట ఉంది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లి చేసుకుంటే వాళ్లకు తాతానాయనమ్మల్లో ఇద్దరు ఉమ్మడి. ఆ పెద్దవాళ్లలో ఒకరి క్రోమోసోము ముక్కే రెండు దారుల్లో తిరిగి వచ్చి, బిడ్డలో సమజాత క్రోమోసోములు రెండిటి మీదా ఒకే చోట చేరొచ్చు. సగటున బిడ్డ జన్యువుల్లో 16వ వంతు ఇలా రెండు పక్కలా ఒకటే అవుతాయి. సొంత మేనమామను చేసుకుంటే 8వ వంతు. మామూలుగా ఒక క్రోమోసోము మీద లోపం ఉన్నా జోడీ మీది మంచి రూపం పని నడిపిస్తుంది. రెండు పక్కలా అదే లోపం ఉంటే ఆదుకునేది ఉండదు. తలసేమియా, పుట్టుకతో వచ్చే కొన్ని రకాల చెవుడు ఇలా బయటపడతాయి. ఇప్పటికే పెళ్లయిన దంపతులు భయపడి కూర్చోవద్దు. పిల్లల గురించి అనుకునేటప్పుడే జన్యు సలహా తీసుకోండి.

కంచరగాడిదకు పిల్లలు ఎందుకు పుట్టవు?

గుర్రానికి 64, గాడిదకు 62, వాటికి పుట్టిన కంచరగాడిదకు 63. గుర్రం నుంచి వచ్చిన 32కూ గాడిద నుంచి వచ్చిన 31కీ సరైన జోడీ కుదరదు. క్షయకరణ విభజన అక్కడే చిక్కుబడుతుంది. శరీరం మాత్రం పుష్టిగా పెరుగుతుంది, ఎందుకంటే సమవిభజనకు జోడీతో పనిలేదు.

విత్తనం లేని పుచ్చకాయ, అరటి కూడా ఇంతేనా?

కారణం దాదాపు అదే. మామూలు పుచ్చలో 22 క్రోమోసోములు. 44 ఉన్న మొక్కను 22 ఉన్న మొక్కతో సంకరం చేస్తే 33 ఉన్న విత్తనం వస్తుంది. ఆ మొక్కలో ప్రతి రకం క్రోమోసోమూ మూడేసి ఉంటాయి. మూడింటిని రెండు వైపులకు సమంగా పంచడం కుదరదు కాబట్టి మంచి అండాలు, పుప్పొడి తయారవ్వవు, గింజ పట్టదు. మనం తినే అరటి రకాల్లో చాలావాటికీ 33 క్రోమోసోములే. అందుకే అరటిని పిలకలు నాటి పెంచుతాం.

వేరుశనగలో నాలుగు సెట్లు ఉంటాయట. అవి గింజలు ఎలా కాస్తున్నాయి?

వేరుశనగ 40 క్రోమోసోములు రెండు వేర్వేరు అడవి జాతుల నుంచి 20 చొప్పున వచ్చాయి. ప్రతి క్రోమోసోముకూ తన జాతి నుంచి వచ్చిన అసలు జోడీ ఉంది. రెండో జాతి నుంచి వచ్చినవి దగ్గర చుట్టాల్లాంటివి, పోలిక ఉన్నా సాధారణంగా వాటితో జతకట్టవు. 20 జతలు చక్కగా ఏర్పడి విడిపోతాయి, కాయ నిండుతుంది.

## పరీక్ష ముందురోజు అడిగేవి

బొమ్మ ఇచ్చి మధ్యస్థదశ అంటే సమవిభజనదా, క్షయకరణ మొదటిదా, రెండోదా ఎలా చెప్పాలి?

మొదట చూడాల్సింది, మధ్యలో జతలున్నాయా ఒంటరివి ఉన్నాయా అని. జతలుంటే క్షయకరణ మొదటి మధ్యస్థదశ. ఒంటరివైతే, ఒకే పొడవున్నవి రెండేసి ఆ కణంలో ఉన్నాయేమో వెతకండి. ఉంటే సమవిభజన. ప్రతి పొడవుదీ ఒక్కటే ఉంటే క్షయకరణ రెండో మధ్యస్థదశ.

ఉల్లిలో 16 అంటే ఏ దశలో ఎన్ని ఉంటాయో ఒకసారి చెప్పండి.

వేరుకొన కణంలో సమవిభజన మధ్యస్థదశ: 16 క్రోమోసోములు, 32 క్రొమాటిడ్లు. చలనదశలో సెంట్రోమియర్లు విడిపోతాయి కాబట్టి కణం మొత్తం మీద 32 క్రోమోసోములు, ఒక్కో వైపు 16.

పుప్పొడి మాతృకణంలో మొదటి మధ్యస్థదశ: 8 జతలు, 32 క్రొమాటిడ్లు. మొదటి చలనదశలో సెంట్రోమియర్లు విడిపోవు కాబట్టి మొత్తం 16, ఒక్కో వైపు 8. రెండో మధ్యస్థదశలో ఒక్కో కణంలో 8 క్రోమోసోములు, 16 క్రొమాటిడ్లు. రెండో చలనదశలో ఒక్కో కణంలో 16, ఒక్కో వైపు 8. చివరికి నాలుగు కణాలు, ఒక్కోదానిలో 8.